ఆలోచించే కోడిపిల్లలు

ఇకమీదట కిర్గిజ్ దేశంలో ఒక్క కోడి కూడా తెలివితక్కువగా ఉండడానికి వీల్లేదని ఉపమంత్రి తుర్దుబెక్ గారు ప్రకటించారు. పాల ఫ్యాక్టరీలో పాల నుంచి తీసే గెలాక్టోజ్ అనే చక్కెర అమ్ముడుపోక గుట్టలుగా పడి ఉంది. దాన్ని కోడిపిల్లలకు మేపితే మెదడు పెరుగుతుందని ఆయనకు విమానంలో తోచింది. విమానం దిగేలోగా అది ప్రభుత్వ విధానమైపోయింది.

ఈ మహత్కార్యానికి చుయ్ లోయలోని కోళ్ల ఫారం ఎంపికైంది. అందరూ సంతోషించారు, అక్కడి పశువైద్యురాలు సైకాల్ తప్ప.

"అయ్యా, కోడిపిల్లల మెదడుకు ఈ చక్కెర పనికిరాదు. పైగా పనికొచ్చే గ్లూకోజ్‌ను కూడా అందనివ్వదు. మెదడు ఆకలితో మాడుతుంది. వణికి, మూర్ఛలొచ్చి చచ్చిపోతాయి," అంది.

"తీపి కదమ్మా! తీపి ఎవరినైనా చంపుతుందా? నువ్వు మరీ చదివేశావు," అన్నారు ఉపమంత్రి గారు.

మేత పడింది. త్వరలోనే పిల్లలు గజగజ వణకసాగాయి. కెమెరాలతో వచ్చిన ఉపమంత్రి గారు పరవశించిపోయి కల్పాక్ టోపీ తీసేశారు.

"చూశారా! ఆలోచన మొదలైంది!"

ఒక పిల్ల వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంది.

"మరి అదేంటండీ?" అన్నాడు విలేకరి.

"లోతైన ఆలోచన."

సైకాల్ దాన్ని చేతిలోకి తీసుకుంది. అరచేతిలో కొట్టుకుంటున్నది గుండో వణుకో తెలియలేదు. ఉపమంత్రి కారు మలుపు తిరగగానే మేత తొట్లన్నీ బోర్లించేసింది.

"ఉద్యోగం ఊడుతుంది చెల్లీ," అంది మేత వేసే బాత్మా.

"ఊడనీ అక్కా. ముందు నువ్వు మొక్కజొన్న నూక పొయ్యి."

చేతిలోది దక్కలేదు. మిగిలినవి మెల్లగా తేరుకున్నాయి.

ఈలోగా ఉపమంత్రి గారు విదేశీ అతిథులను వెంటబెట్టుకొచ్చారు. పిల్లలు తాపీగా నూక ఏరుకు తింటున్నాయి. ఆయన ముఖం పాలిపోయింది.

"ఏంటమ్మా, ఆలోచించడం మానేశాయి?"

"ఆరోగ్యంగా ఉన్నాయండీ."

"ఎవరు ఉండమన్నారు? ఆ చక్కెర బస్తాలు పట్రండి!"

సైకాల్ గబుక్కున ఆయన దగ్గరికి జరిగింది. "వద్దండీ," అంది గొంతు తగ్గించి. "గూట్లో పిల్లల కింద రేకుంది. వెనక నుంచి ఊపితే అచ్చం అలాగే వణుకుతాయి."

ఉపమంత్రి గారు ఆమెను మొదటిసారి ఆప్యాయంగా చూశారు. "ఇదమ్మా సైన్సంటే!"

సైకాల్, బాత్మా గూడు వెనక నక్కి కూర్చుని రేకు ఊపారు. పిల్లలు వణికాయి. అతిథులు గుర్రప్పాల గిన్నెలు పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టారు. బాత్మాకు నవ్వు ఆగలేదు. సైకాల్‌కు నవ్వు రాలేదు గాని, ఊపడం ఆపలేదు.

పథకం ఘనవిజయం సాధించింది. తుర్దుబెక్ గారు పూర్తి మంత్రి అయ్యారు. మంత్రిగా ఆయన తొలి సంతకం ఈ ఫారం కోసమే చేశారు: పశువైద్యురాలి పోస్టు రద్దు, ఆ స్థానంలో, రేకు ఊపడానికి, కరెంటు మోటారు మంజూరు.