బూజు కోసం మొక్కుకున్న ఆఫీసరు

పైరుకు తెగులు రావడం మహాభాగ్యం! రైతులు ఒప్పుకోరు. వాళ్ళకు పంట గొడవే గాని పరిశోధన గొడవ పట్టదు కదా!

మన శ్రవణ్ కష్టం వింటే మీరైనా ఒప్పుకుంటారు. యానాం కుర్రాడు, పుదుచ్చేరికి కొత్తగా వచ్చిన వ్యవసాయాఫీసరు, నెల్లితోపులో అద్దె గది. గుండెకు మంచిదని సూపర్‌మార్కెట్లో కనోలా నూనె అమ్ముతారే, ఆ కనోలాను ఇక్కడే పండించి చూడమంది పెద్దాఫీసు. మన ఆవాలకు చలిదేశపు చుట్టం అది. ఊరి పక్క అరియాంకుప్పంలో అమ్మాయమ్మ అనే పెద్దావిడ పొలాన్ని ఒక్క పంటకని అడిగి తీసుకుని, శ్రవణ్ నాలుగు రకాలు వేశాడు. ప్రతి రకానికీ రెండు మళ్ళు. ఒకదానికి ఆ పైరుకు పట్టే బూజు తెగులు మందు కొట్టాలి, రెండోదాన్ని దాని కర్మకు వదిలేయాలి. మందు లేకుండా ఏ రకం తట్టుకుంటుందో తేల్చాలి.

అంతా బాగానే ఉంది. బూజేదీ?

రోజూ బస్సు దిగి, చెప్పులు చేత పట్టుకుని, మందు కొట్టని మళ్ళలో ఆకు ఆకునూ తిప్పి చూసేవాడు. ఒక్క మచ్చ లేదు! ఇంటి గోడలకూ, ఊరగాయ జాడీలకూ, ఆఫీసు ఫైళ్ళకూ పిలవకుండా వచ్చే బూజు, సర్కారు స్వయంగా పిలిస్తే రాదా? మణక్కుళ వినాయకుడికి కొబ్బరికాయ మొక్కుకున్నాడు పాపం.

"ఏంది సారూ, బూజు రాలేదని ఏడస్తా ఉండారా?" అంది అమ్మాయమ్మ. "ఆడి నెలకు, అదే మీ ఆషాఢానికి, నా కయ్య నాకు కావాల. చెనిక్కాయ ఏయాల."

"ఇచ్చేస్తానండీ పెద్దమ్మగారూ, ఒట్టు!"

మే నెల కత్తిరి ఎండలు వచ్చాయి. మందు కొట్టినవీ కొట్టనివీ అన్నీ కలిసికట్టుగా ఎండి చీపురుపుల్లలయ్యాయి. ఒక్క గింజ రాలేదు.

దీన్ని పంట పోవడం అనేవాళ్ళు అజ్ఞానులు. రిపోర్టు చూడండి! మందు కొట్టిన చోట బూజు లేదు, కాబట్టి మందు అమోఘం. కొట్టని చోటా బూజు లేదు, కాబట్టి రకాలు అమోఘం. పోయిందల్లా పంట ఒక్కటే, దాని సంగతి ఎవరూ అడగలేదు. ఇంత విజయాన్ని ఒక్క ఏడాదితో ఆపడం పాపమని పెద్దాఫీసు ట్రయల్‌ను ఇంకో మూడేళ్ళు పొడిగించింది.

మాటిచ్చిన శ్రవణ్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నసుగుతూనే చెప్పాడు. విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్న అమ్మాయమ్మ చాట పక్కకు జరిపింది.

"మందుతో ఒక కయ్య, మందు లేకుండా ఒక కయ్య చూసినారు గదా సారూ. ఇప్పుడు మీరుండే కయ్య ఒకటి, మీరు లేని కయ్య ఒకటి ఏసి చూడండి. ఆ రెండోది నాకియ్యండి."

శ్రవణ్ ఆ మాటనే ప్రతిపాదనగా రాసి పంపాడు. పెద్దాఫీసు దయగలది, ఒప్పుకుంది! ఆఫీసర్లు లేని మడిలోకి ఏ ఆఫీసరూ అడుగు పెట్టకుండా దగ్గరుండి చూసుకోవడానికి ఒక ఆఫీసరును వేసింది. ఆయనకు కుర్చీ, కుర్చీకి పందిరి, పందిరి పక్కన జీపు. మిగిలిన జాగాలో అమ్మాయమ్మ నిరభ్యంతరంగా చెనిక్కాయ వేసుకోవచ్చు. జీపు తిప్పుకోవడానికి మాత్రం చోటు వదలాలి.

"ఆడి నెల పోతా ఉంది సారూ," అంది అమ్మాయమ్మ, తన పొలంలోని జీపును చూస్తూ. "బూజుకైతే మందు కొడితిరి. దీనికేం కొట్టాల?"