నా నవల వెనకవైపు ఆయన లెక్క

ఇంట్లో ఒక్క కాగితమ్ముక్క కూడా వృథా కాకూడదంటే, లెక్కలు చేసుకునే భర్తను మించిన ఉపాయం లేదు! నాలుగు రోజులుగా భోజనాల బల్ల దగ్గర పోట్లాడి మరీ తెలుసుకున్న సత్యం ఇది.

"ఈ కాగితాలు నా వరసలో ఉండాలి" అంటారు మా ఆయన. "ముందు రాసింది నేను, నా వరసలోనే ఉండాలి" అంటాను నేను. ఇద్దరం కొట్లాడుకునేది అవే నూట నలభై కాగితాల కోసం. ఒకవైపు నేను చేత్తో రాసిన నవల, మూడేళ్ళ కష్టం. రెండోవైపు ఆయన రిసెర్చి పేపరు కోసం చేసిన బహుపదుల లెక్కలు, మూడు నెలల కష్టం. శుక్రవారానికి నవల ప్రచురణకర్తకి చేరాలి.

ఎలా జరిగిందంటారా? ఆయనకి నా అల్మరాలో కట్ట కనబడింది. ఒకవైపు ఖాళీ! కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చిన మనిషికి అంతకంటే ఏం కావాలి? నింపేశారు. తన తర్కానికి ఏది ముందో, ఏది వెనకో అలా పేర్చుకున్నారు. ఆ పేర్పులో నా కథానాయిక మొదటి పేజీలో మనవరాలికి జడ వేసి, రెండో పేజీలో పుడుతోంది.

తొందరపడి జాలిపడకండి. నాకెంత చదువు అబ్బిందో చూడండి!

"బైలీనియర్ పెయిరింగ్ అంటే ఏం లేదు. ఇటునుంచి ఒక బహుపది, అటునుంచి ఒక బహుపది తీసుకుని జత చేస్తే ఒక సంఖ్య వస్తుంది. ఇటు రెట్టింపు చేస్తే జవాబు రెట్టింపు, అటు చేసినా అంతే" అని చెప్పారాయన.

"మరి మీరు మాటిమాటికీ అనే ఆ హాప్ఫ్ ఆల్జీబ్రా?"

"అందులో కలపడమే కాదు, విడగొట్టడం కూడా ఉంటుంది. ఇటువైపు రెండిటిని కలపడమూ, అటువైపు ఒకదాన్ని విడగొట్టడమూ ఒకే జవాబివ్వాలి. నా పేపరుకి అదే ప్రాణం."

ఎంత నిజం! ఆయన రెండు కాగితాలు కలిపినప్పుడల్లా అటువైపు నా అధ్యాయం ఒకటి విడిపోతోంది. ఇంతకంటే రుజువు ఏ యూనివర్సిటీలో దొరుకుతుంది? మా ఆడపడుచునే తీసుకోండి. వాళ్ళాయన రెండు మీటింగులు ఒకే సాయంత్రానికి కలుపుకుంటారు. ఇటు ఆవిడ సాయంత్రం పిల్లల ట్యూషనుగా, మామగారి ఫిజియోథెరపీగా, కుళాయి బాగుచేసేవాడి కోసం ఎదురుచూపుగా, విడగొట్టడానికి ఎన్ని రకాలున్నాయో అన్ని రకాలుగానూ విడిపోతుంది. పాపం, అది ఆల్జీబ్రా అని తెలియక అలసట అనుకుంటోంది!

చేసిన పనిని వెనక్కి తిప్పడానికి కూడా ఆ ఆల్జీబ్రాలో ఒకటుందట, యాంటీపోడ్ అని. పొద్దున నా వరసలో నేను సర్దుతాను. సాయంత్రం ఆయనొచ్చి తన వరసలో సర్దుతారు. ఇక ఈ ఇంట్లో వాకింగులూ యోగాలూ ఎవరికి కావాలి?

"వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా" అన్నారు మా అత్తగారు. "నా మందుల చీటీ వెనక కూడా లెక్క చేశాడు. షాపువాడు అటూ ఇటూ తిప్పి, ఎక్స్ స్క్వేర్ మాత్రలు స్టాకు లేవన్నాడు."

చివరికి మా అమ్మాయి విసుక్కుంది. "జిరాక్స్ తీయిస్తే పోయేదానికి ఇంత రభసేంటి నాన్నా? రెండువైపులా తీయిద్దాం."

"రెండువైపులా ఎందుకే దండగ? నాది తీయిస్తే చాలు, పత్రికకి పంపడానికి. అసలు కాగితాలు నా వరసలోనే ఉండనీ. మీ అమ్మది కథే కదా, గుర్తుండే ఉంటుంది. మళ్ళీ రాసుకుంటుంది."

"మూడు నెలలు చేతిలో పెట్టుకున్నారు కదా. ఒక్క కాగితమైనా తిప్పి చూశారా?" అనడిగాను.

"చూడకేం? సిరా ఇటు దిగలేదు. మంచి కాగితం" అన్నారాయన, మెచ్చుకోలుగా.

ఇరవై ఆరేళ్ళ కాపురం. అచ్చయిన పుస్తకాలు ఆరు. నా రాత ఆయన చేతిదాకా వెళ్ళడం ఇదే మొదటిసారి. ఇంత అదృష్టాన్ని ఎవరైనా చేజార్చుకుంటారా?

మర్నాడే బైండింగు షాపుకి వెళ్ళొచ్చాను. సాయంత్రం అందరూ భోజనాలకి కూర్చున్నాక నెమ్మదిగా చెప్పాను:

"నా వైపు జిరాక్స్ ప్రచురణకర్తకి పంపేశాను. అసలు కాగితాలు నా వరసలో గట్టి అట్టవేసి కుట్టించి, అల్మరాలో పెట్టి తాళం వేశాను. ఈయన రోజుకో అధ్యాయం నా ఎదురుగా కూర్చుని చదువుతారు. భోజనాల దగ్గర ఆ కథ మనందరికీ చెబుతారు. సరిగ్గా చెబితే, ఆ అధ్యాయం వెనకున్న లెక్క ఎత్తి రాసుకోవచ్చు. మొత్తం ముప్ఫై రెండు అధ్యాయాలు. రేపు మొదటిది."