లోవకుమారి ఆకలి

“ఆకలి తీసేసుకుంటే పిల్ల చిక్కిపోదాండీ? రేపు కళ్లు తిరిగి ఏ పొయ్యి మీదో పడిపోతే?” అని లోవకుమారి తల్లి నూకరత్నం అడిగేసరికి కాకినాడ స్కాలర్‌షిప్పుల ఆఫీసులో ఇంకా గిన్నె మూత కూడా తియ్యలేదు.

హోటలు, వంట, పర్యాటక కోర్సుల్లో చేరే పిల్లలకు ఈ ఆఫీసు ఫీజంతా కడుతుంది. బదులుగా వాళ్ల ఆకలిని స్టీలు గిన్నెలో పెట్టి దాచుకుంటుంది. వడ్డించే మనిషికి నోరూరితే అతిథికి ఇబ్బందని నియమం. పద్ధతి తేలికే. పిల్లల ముందు వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి పెడతారు. నోట్లో నీళ్లూరగానే పక్కనున్న గిన్నెకు మూత బిగిస్తారు. బీరువాల్లో ఆ గిన్నెలు భోజనాల వేళకి కాస్త గలగలమంటాయి. అప్పుడు బంట్రోతు రేడియో పెడతాడు.

“ఏం కాదమ్మా. ఉద్యోగం వచ్చాక తిరిగిచ్చేస్తాం,” అన్నాడు గుమాస్తా సూర్యప్రకాశం.

“పట్టుకెళ్లినోళ్లు ఎవరైనా ఉన్నారాండీ?”

“వాళ్లకి తీరిక దొరకాలి కదమ్మా.”

తునిలో బస్సెక్కినప్పటి నుంచీ నూకరత్నానికి ఇవే ఆలోచనలు. గిన్నెని పిల్లి దొర్లించేస్తే? ఇంకెవరి ఆకలో తమ పిల్లకి అంటగడితే? అలాగని స్కాలర్‌షిప్పు వద్దంటే సీటు పోతుంది. కేకులు చెయ్యడం నేర్చుకుంటానని లోవకుమారి మూడేళ్లుగా అంటోంది.

“నాది తీసుకోండి. దానిది వదిలెయ్యండి,” అంది చివరికి.

“ఊరుకోమ్మా. మరి నువ్వేం తింటావ్?” అంది లోవకుమారి.

“నాదేముందే. ఏదో ఒకటి తింటాన్లే.”

తల్లి ఆకలి కూడా చెల్లుతుంది. సూర్యప్రకాశం పళ్లెం ఆమె ముందుకు జరిపాడు. నూకరత్నం దాని వంక చూసి, “పప్పు చల్లారిపోతోంది, పిల్లకి పెట్టండి. బాబుగారు తిన్నారా?” అంది.

అతను గిన్నెకు మూత బిగించి, ఊపి చూశాడు. ఖాళీ.

“మీది ఎప్పుడో తీసేసుకున్నారమ్మా. ఏ ఆఫీసులో ఇచ్చారు?”

“నేను ఏ ఆఫీసుకీ ఎల్లలేదండి. పెళ్లయ్యి అత్తారింటికొచ్చాను. అందరూ తిన్నాక మిగిలింది తినేదాన్ని.”

“అయితే అదే,” అన్నాడతను మూత తుడుస్తూ. “వాళ్లది మాకంటే పాత శాఖ. రసీదివ్వరు, తిరిగీ ఇవ్వరు.”

తర్వాత లోవకుమారి కూర్చుంది. పళ్లెంలోంచి ఆవిరి లేచింది, మూత పడింది. ఫీజు మంజూరైంది. ఇద్దరూ నమస్కారం పెట్టి బయటికొచ్చారు.

బస్టాండులో నూకరత్నం ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పొట్లం విప్పి కూతురి ఒళ్లో పెట్టింది. పొద్దున్నించీ పిల్ల ఏమీ తినలేదు.

“ఆకలేస్తోందా తల్లీ?”

లోవకుమారి పొట్లం వంక చూస్తూ కూర్చుంది. తుని బస్సు వచ్చింది, నిండింది, వెళ్లిపోయింది. నూకరత్నానికి మళ్లీ అడగడానికి భయమేసింది.

ఇంకో బస్సు వచ్చాక, లోవకుమారి పొట్లాన్ని జాగ్రత్తగా మడిచి తల్లి చేతిలో పెట్టింది.

“ఇంటికెళ్లాక ముందు మీరందరూ తినండమ్మా. మిగిలితే చూద్దాంలే.”