నూట పన్నెండు సందేశాల భద్రత

మనిషి సొంత సంగతులు అతనికి తప్ప లోకమంతటికీ తెలియాలి. ఇంటర్నెట్ భద్రత అంటే ఇదే. ఇందులో వాదనకు తావు లేదని కుట్టుమిషన్ల మెకానిక్ ఎప్పుడో తేల్చేశాడు.

అతని భార్య పోయి పదకొండు నెలలైంది. బతికుండగా ఆమె రోజూ అతని షాపు వేళకు ఫోన్లో నాలుగు మాటలు రికార్డు చేసి పంపేది. పనిలో ఉండగా అలాంటివి వినకూడదని అతని నియమం. పని లేనప్పుడు గుర్తుండేది కాదు. అలా వినకుండా పోగుపడినవి నూట పన్నెండు. అన్నీ ఆమే అతని పేరున తెరిచిన ఆన్‌లైన్ ఖాతాలో ఉన్నాయి. ఇప్పుడు అతనికి తీరిక దొరికింది. పాత ఫోన్ మాత్రం చచ్చింది.

కొత్త ఫోన్లో ఖాతా తెరవబోతే కంపెనీవారి అనుమాన నివారణ విభాగం అడ్డుపడింది. (ఆ విభాగం నివారించిన అనుమానం ఇంతవరకూ ఒక్కటీ లేదు.) పద్నాలుగో నిబంధన ప్రకారం, కాదని రుజువయ్యేదాకా ఖాతాదారుడే దొంగ. రుజువుకు ఒకే ప్రశ్న. ఖాతా తెరిచిన రోజున భార్య తానే ఎంచుకుని జవాబు రాసిపెట్టింది: "మీ ఆయనలో ఎన్నటికీ మారని గుణం ఏమిటి?"

"కోపం" అని కొట్టాడు. తప్పు.

"మొండితనం వెయ్యండి బావా," అంది పక్కనే కూర్చున్న మరదలు.

"నేను మొండివాణ్నా?"

"అబ్బే, ఎవరన్నారు? ఊరికే వేసి చూడండి."

తప్పు.

"పోనీ, గురక?"

"గురక గుణం కాదు."

"ఆ మాట అక్కతో అనాల్సింది. ముప్పై ఏళ్లు చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంది."

అదీ తప్పే. మూడు తప్పులైనందున, అతని క్షేమం కోరి, నలభై రోజులపాటు ఆలోచించుకోవలసిందిగా విభాగం సెలవిచ్చింది.

ఆ నలభై రోజుల్లో మోకాళ్ల నూనెవాళ్లు ఫోన్ చేశారు. "నొప్పి కుడి మోకాలికేగా సార్?" అన్నారు. పెళ్లి సంబంధాలవాళ్లు చేశారు. "మేడమ్ పోయి ఏడాది కావస్తోంది కదండీ," అని గుర్తుచేశారు. వాళ్లనెవరూ ఏ ప్రశ్నా అడిగినట్టు లేదు.

అతను కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు. కౌంటర్లో అమ్మాయి తెర చూసి, జవాబు చదివి, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"అందులో ఏముందమ్మా?"

"చెప్పకూడదండీ. మీ భద్రత కోసం."

"ఎవరి నుంచి భద్రత?"

"మీ నుంచేనండీ."

గడువు ఇంకా రెండు రోజులుందనగా కంపెనీకి కన్నం పడింది. అందరి ప్రశ్నలూ జవాబులూ దొంగల పాలయ్యాయి. మీ గోప్యతే మాకు ప్రాణం అని కంపెనీ ఖాతాదారులందరికీ ఒకే ఉత్తరం పంపింది. ఖాతాదారులందరి చిరునామాలూ ఆ ఉత్తరంపైనే ఉన్నాయి.

మర్నాడు ఒక దొంగ ఫోన్ చేశాడు.

"సార్, కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం. నమ్మకం లేకపోతే మేడమ్ రాసిన జవాబు చదవమంటారా?"

"చదువు."

"చెబితే వినడు."

అతను ఆ మాటను ఒక బిల్లు వెనక రాసుకున్నాడు.

"మా ఆవిడా ఇదే అంటుంది సార్," అని, తేరుకుని, "మీ ఫోన్‌కి ఆరంకెలు వస్తాయి, అవి చెప్పండి," అన్నాడు.

అతను పెట్టేశాడు. (ఈ వ్యవహారం మొత్తంలో అతనికి పనికొచ్చిన మాట చెప్పింది ఆ దొంగ ఒక్కడే.)

గడువు తీరగానే మరదలి ఎదుటే ఆ జవాబు కొట్టాడు. వెంటనే సమాధానం వచ్చింది: "మీ జవాబు సరైనది. అయితే ఈ జవాబు ప్రస్తుతం దొంగలకు మాత్రమే తెలుసు. కావున మీరు దొంగగా నిర్ధారణ అయ్యారు. ఖాతాదారుడి రక్షణార్థం ఖాతాలోని సందేశాలన్నీ శాశ్వతంగా చెరిపివేయడమైనది. మా సేవకు ఎన్ని చుక్కలిస్తారు?"

మరదలు కళ్లు తుడుచుకుంది. "ఒక్కటన్నా విన్నారా బావా, అక్క ఉన్నప్పుడు?"

అతను బల్లమీది మిషన్ దగ్గరికి లాక్కుని చక్రంలో నూనె చుక్క వేశాడు.

"నా దగ్గరే ఒకటో రెండో ఉన్నాయేమో, నాకూ పంపేదిగా. వెతకనా?"

"ఈ ఊసు ఇక ఎత్తకు," అన్నాడు. "ఎత్తినా నేను వినను."