హెడ్డుగారి నలుగురు దుండగులు

ఆ ఉదయం హెడ్ కానిస్టేబుల్ చేయాల్సింది ఒక్కటే. లాడ్జి గదిలో దాచిన దర్జీ మామ్మగారిని క్షేమంగా కోర్టుకు చేర్చాలి. ఊళ్ళోని ఒక కాంట్రాక్టరు ఎవరినో కత్తితో పొడవడం తన కొట్టులోంచి కళ్ళారా చూసిన ఏకైక సాక్షి ఆవిడ. రాత్రులు కాపలా కాసీ కాసీ వాడిపోయిన హెడ్డు, తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఒక్క క్షణం రెప్ప వాల్చాడు.

రెప్ప ఎత్తేసరికి మంచం ఖాళీ. ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేశాడు.

"సార్, మామ్మగారు కనబడట్లేదు!"

"అదేంటయ్యా! నువ్వేం చేస్తున్నావ్?"

నిద్రపోయానని చెప్పడానికి నోరు రాలేదు. "నలుగురొచ్చారు సార్. ముసుగులేసుకుని. కలబడ్డాను గానీ..."

"దెబ్బలు తగిలాయా?"

"కొద్దిగా సార్."

ఫోన్ పెట్టేశాక, ఆ కొద్ది దెబ్బ కోసం మోచేతికి చేతిరుమాలు చుట్టుకున్నాడు. అద్దంలో తన ముఖం తనకే చూడబుద్ధి కాలేదు.

కాసేపట్లో ఊరంతా సైరన్లు. రోడ్లు మూసేశారు. కనబడిన ప్రతి కారూ ఆపి డిక్కీ తెరిపించారు. ఇన్‌స్పెక్టరు పరుగున వచ్చి, కట్టు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. హెడ్డుకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

"సార్, అసలు సంగతేంటంటే..."

"మాట్లాడకు, ఆయాసమొస్తుంది" అంటూ ఇన్‌స్పెక్టరు అతన్ని జీపెక్కించి, జడ్జిగారికి మొర పెట్టుకోవడానికి కోర్టుకు తీసుకుపోయాడు.

అక్కడ ముందు వరుసలో మామ్మగారు తాపీగా కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"గుర్రుపెట్టి నిద్రపోతున్నావ్, లేపబుద్ధి కాలేదు నాయనా. బస్సు మధ్యలో ఆపేస్తే నడిచొచ్చాను" అంది, హెడ్డు చెవిలో. ఆ చెవి కందిపోయింది.

ఆవిడ క్షేమంగా కనబడిన ఆనందంలో ఇన్‌స్పెక్టరు అప్పటికే బోనులోని కాంట్రాక్టరును చూపిస్తూ గొంతెత్తాడు. "ఇతను పంపిన నలుగుర్నీ మా హెడ్డు ఒంటిచేత్తో ఎదిరించి, మామ్మగార్ని తప్పించాడండీ!"

ఇక భరించలేక హెడ్డు నిజం చెప్పబోయాడు. కాంట్రాక్టరు అతనికా అవకాశం ఇవ్వలేదు.

"అన్యాయమండీ! నేను పంపింది ఇద్దర్నే! వాళ్ళూ ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నారు!"

అతని వకీలు తల పట్టుకున్నాడు.

సాయంత్రం హెడ్డు, స్టేషన్లో చేతులు కట్టుకుని, ఉన్నదంతా ఒప్పేసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు లేచి గది తలుపు మూశాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. పతకానికి నీ పేరు పంపేశాను. నాది కూడా."

పతకం అందుకున్న రోజున హెడ్డు తల ఎత్తలేదు. పత్రికలు దాన్ని వినయమని రాశాయి.