ఫెయిల్ చెయ్యవయ్యా, ఇగరాషీ!

ముసలివాళ్లకు డ్రైవింగ్ పరీక్ష మళ్లీ మళ్లీ పెట్టడమంత గొప్ప సంస్కరణ మన జపాన్‌లో ఇంకొకటి రాలేదని నా గట్టి నమ్మకం. నన్నడిగితే మూడేళ్లకోసారి చాలదు. నెలకోసారి పెట్టాలి. రోజూ పళ్లు తోముకోగానే పెట్టినా నాకు అభ్యంతరం లేదు!

ఎందుకంటారా? ఎనభై దాటిన మనిషిని లోకంలో పట్టించుకునేదెవరు? టీవీవాడు మోకాళ్ల మాత్రలు అమ్మడానికి తప్ప పలకరించడు. అదే, లైసెన్సు గడువు తీరనివ్వండి! ప్రభుత్వమే ఉత్తరం రాసి పిలుస్తుంది. కూర్చోబెట్టి పదహారు బొమ్మలు చూపిస్తుంది. డోలు, వెదురు మొలక, ఇస్త్రీపెట్టె, కందిరీగ... కాసేపాగి ఏమేం చూశావో చెప్పమంటుంది. సొంత పెళ్లిరోజు గుర్తులేని ఉద్యోగి ఎదుట కూర్చుని కందిరీగను జ్ఞాపకం చేసుకోవడం కన్నా వృద్ధాప్యానికి ఏం గౌరవం కావాలి?

మా లోయలో ఈ గౌరవం పొందినవారిలో షిమోయామ తొకుజీ మాస్టారు ముఖ్యులు. వయసు ఎనభై మూడు. ఇక్కడి డ్రైవింగ్ స్కూల్లో ముప్ఫై ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పారు. ఊళ్లో నడివయసువాళ్లందరికీ స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆయనే. ఎదురుగా ఆయన కారు కనిపిస్తే వాళ్లు ఇప్పటికీ నడుం నిటారుగా పెట్టుకుంటారు.

అలాంటి మాస్టారు పోయిన వసంతంలో పాల డిపో దగ్గర ఆగాల్సిన గీత దాటి వెళ్లిపోయారు. పోలీసు పట్టుకుని చీటీ రాశాడు. ఇలా తప్పు చేసిన ముసలివాళ్లు బొమ్మలు చెబితే చాలదు, కారు నడిపి కూడా చూపించాలని రూలు. ఆహా, ఎంత చక్కటి రూలు!

మాస్టారి భార్య కినుయో గారికి మూత్రపిండాలు పనిచెయ్యవు. వారానికి మూడుసార్లు, ముప్ఫై కిలోమీటర్ల అవతల ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించుకోవాలి. తీసుకెళ్లేది మాస్టారే. పరీక్ష రోజు పొద్దున పులుసు గిన్నె ముందు పెడుతూ ఆవిడ అంది:

"ఏమండీ, పరీక్ష పెట్టేవాణ్ణి తిట్టకండి."

"నేనెవర్ని తిట్టాను?"

"ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ పనేగా చేశారు!"

పరీక్ష ఆ పాత స్కూల్లోనే. పరీక్ష పెట్టేది ఇగరాషి. ఇప్పుడతనికి యాభై ఆరు. పంతొమ్మిదేళ్లప్పుడు ఇదే ఆవరణలో మాస్టారు అతన్ని నాలుగుసార్లు ఫెయిల్ చేశారు. పక్కన కూర్చున్న ఇగరాషి మార్కుల కాగితాన్ని ఒళ్లో సర్దుకున్నాడు.

"మాస్టారూ, తమరు... తమకు వీలైనప్పుడు బయల్దేరండి."

"వీలైనప్పుడేంటయ్యా! పరీక్ష పెట్టేవాడివి. బయల్దేరు అను."

"బయల్దేరండి, మాస్టారూ."

కారు కదిలింది. మెలికల దారిలో చక్రం గట్టు తాకలేదు. గేరు మారిన చప్పుడు లేదు. మొహాన చిన్న నవ్వు కూడా వచ్చింది మాస్టారికి. ఆ నవ్వుతోనే ఆగాల్సిన గీత దాటేశారు.

ఇగరాషి కాలు తనవైపు ఉన్న బ్రేక్ మీదే ఉంది. నొక్కలేదు. మాస్టారి కంటే ముందు బ్రేక్ వేసే ధైర్యం మా లోయలో ఎవరికుంది?

కారు ఆగాక ఇగరాషి కాగితం మీద అంకె వేశాడు. "బాగా నడిపారు మాస్టారూ. డెబ్బై రెండు వచ్చాయి. పాస్."

"గీత దగ్గర ఆగానా?"

"అంటే... కొంచెం నెమ్మదించారు."

"ఆగానా, లేదా?"

ఇగరాషి కిటికీలోంచి బయటికి చూశాడు. "అమ్మగారి సంగతి నాకు తెలుసు మాస్టారూ. మీ లైసెన్సు పోతే ఆవిడ ఆస్పత్రికి ఎలా వెళ్తారు? నా చేత్తో ఆ పని ఎలా చెయ్యను?"

మాస్టారు స్టీరింగ్ మీదనుంచి చేతులు తీశారు.

"నేను ఆగాననే అనుకున్నానయ్యా. పాల డిపో దగ్గరా ఆగాననే అనుకున్నాను. ఆరోజు సైకిల్ మీద ఒక పిల్ల అడ్డం వచ్చింది. దాని పుస్తకాల సంచి నా కారు అద్దానికి రాసుకుంది. అది నవ్వుకుంటూ పోయింది. పోలీసుకి చెప్పలేదు. కినుయోకీ చెప్పలేదు. ఆ చప్పుడు మాత్రం చెవుల్లోంచి పోవడం లేదు."

ఇగరాషి కాగితం మీద తాను వేసిన అంకె వైపు చూశాడు.

"ఫెయిల్ చెయ్యవయ్యా, ఇగరాషీ! నిన్ను నాలుగుసార్లు చేశాను. నా చెయ్యి వణికిందా?"

ఇగరాషి అంకె కొట్టేసి ఇంకో అంకె వేశాడు. కాగితానికి చిల్లు పడింది.

చూశారా, ఎంత పకడ్బందీ పరీక్షో! ఫెయిల్ కావాల్సినవాడు పట్టుబట్టి బతిమాలితే చాలు, తప్పకుండా ఫెయిల్ చేస్తుంది!

మరుసటి వారం టౌన్ ఆఫీసులో చిన్న సభ. లైసెన్సు తిరిగిచ్చేసినందుకు ఒక ఉద్యోగిని వంగి వంగి నమస్కరించి మాస్టారికి ప్రశంసాపత్రం ఇచ్చింది. దాంతోపాటు సగం ధరకు బస్సు పాసు.

"అమ్మాయ్, బస్సు ఎన్నింటికి?" అని కినుయో గారు అడిగారు.

"మీ వైపు బస్సు ఆరేళ్ల కిందటే తీసేశారండీ. పాసు మాత్రం మూడేళ్లు చెల్లుతుంది."

"ట్యాక్సీ?"

"ఒకటుందండీ. ఆయనకు డెబ్బై తొమ్మిది. వచ్చే నెల ఆయనకూ పరీక్ష."

ఆయన కూడా తప్పారు, బొమ్మల్లో. కందిరీగే ముంచిందట.

సోమవారం, బుధవారం ఇగరాషి తన కారులో కినుయో గారిని ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు. శుక్రవారం అతనికి కుదరదు. ఆ రోజు ముసలివాళ్లకు పరీక్షలుంటాయి! ఇరుగుపొరుగు ఇంకెవరైనా తీసుకెళ్తారా అంటే, నడివయసువాళ్లు పొద్దున్నే ఉద్యోగాలకు పోతారు, ఇంటిపట్టున ఉండే కారున్న ముసలివాళ్లందరూ అప్పటికే ప్రశంసాపత్రాలు అందుకున్నారు. నాలుగు శుక్రవారాలు తప్పేసరికి ఆవిడ కాళ్లు వాచాయి, ఊపిరి బరువైంది. డాక్టరు కోప్పడి ఆస్పత్రిలోనే ఉంచేసుకున్నాడు. ఇప్పుడు మాస్టారు ఒక్కరే పులుసు కాచుకుంటున్నారు. ఇగరాషికి సెలవు దొరికిన రోజున వెళ్లి ఆవిణ్ణి చూసి వస్తున్నారు.

ఏడాది చివర టౌన్ ఆఫీసు ముందు పెద్ద బోర్డు పెట్టారు: ఈ సంవత్సరం వృద్ధుల వల్ల ఒక్క రోడ్డు ప్రమాదమూ జరగలేదు! నిజమే. ఆ అంకెలో పొరపాటు లేదు. ఆస్పత్రికి చేరలేక ఇంట్లో కూలబడ్డ మనిషి రోడ్డు ప్రమాదం కింద రాదు.

అందుకే మళ్లీ చెబుతున్నాను, పరీక్షలు పెట్టాల్సిందే! ముందుగా ఆ బోర్డు పెట్టినవాళ్లకు. బొమ్మలు అక్కర్లేదు, గీతలు అక్కర్లేదు. కినుయో గారు ఇంటికి రానివ్వండి, ఒక శుక్రవారం పొద్దున ఏడింటికి ఆవిణ్ణి మా వీధి మొదట్లో నిలబెడతాను. బస్సెక్కించి చూపించమనండి.