హుయే మొదలుపెట్టిన వరుస

ఆ శనివారం ఉదయం హుయే ఒక్కటే పని పెట్టుకుంది. మొగుడి తద్దినానికి లోక్ కొట్టులో కాల్చిన బాతు కొనాలి, మధ్యాహ్నం కాకముందే ఆయన పటం ముందు పెట్టాలి. నిరుడు ఆలస్యంగా వెళ్తే బాతులన్నీ అయిపోయి, కోడితో సరిపెట్టింది. "మా అన్నయ్యకి పైలోకంలోనూ పస్తే" అని ఆడపడుచు తుయెత్ ఏడాది పొడుగునా మా పేట కాబ్రమట్టాలో ప్రతి కూరగాయల బండి దగ్గరా చెప్పుకొచ్చింది. ఈసారి బాతు లేకుండా గడప తొక్కేది లేదని హుయే గట్టిగా అనుకుని బయలుదేరింది.

లోక్ కొట్టు ఇంకా తెరవలేదు. దానికి కాస్త ఇవతల, బోర్డయినా లేని ఒక కొత్త షట్టర్ ముందు ఆమె చక్రాల సంచి ఇరుక్కుంది. వంగి లాగుతుంటే వెనక ఎవరో దగ్గారు. చూస్తే దర్జీ ఖాయ్.

"ఏమిస్తున్నారక్కా ఇక్కడ?"

"ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"లేదంటుంటే!"

మా కాబ్రమట్టాలో ఏమీ లేదని రెండుసార్లు చెప్పిన చోట ఏదో చవగ్గా దొరుకుతున్నట్టే. ఖాయ్ సంచి విప్పి ఆమె వెనకే నిలబడ్డాడు. అతన్ని చూసి చేపలావిడ, ఆమెను చూసి చేపలు కొనడానికి వచ్చినవాళ్లు నిలబడ్డారు. బస్సొకటి ఆగింది. దిగాల్సినవాళ్లూ దిగారు, అక్కర్లేనివాళ్లూ దిగారు, చివరికి డ్రైవరూ దిగాడు. వరుస మధ్యలో సగం ధరకి దురియన్ పళ్లన్నారు. ఆ మాట తోక దాకా వెళ్లేసరికి పండుతో పాటు అన్నం వండే కుక్కర్ కూడా ఇస్తున్నారు.

షట్టర్ జానెడు లేచింది. లోపలి నుంచి ఒక ఆడగొంతు, "ఇవాళే ప్రారంభం! అందరికీ ఉచితం!" అంది. షట్టర్ మళ్లీ దిగింది. దేనికని ఒక్కరూ అడగలేదు.

సరిగ్గా అప్పుడే లోక్ కొట్టు నుంచి బాతు వాసన వచ్చింది. హుయే సంచి లాక్కుని కదలబోతే ఎదురుగా తుయెత్. వదినకి ఈసారీ బాతు దొరకని వైభవం కళ్లారా చూద్దామని వచ్చింది.

"ఎక్కడికి వదినా, ముందు చోటు వదులుకుని?"

"బాతుకి."

"వెళ్లు తల్లీ, వెళ్లు. నీ చోటు నేను చూసుకుంటాలే!" అంటూ తుయెత్ మోచేతులు చాపి అక్కడ పాతుకుపోయింది.

తీరా చూస్తే లోక్ గుమ్మానికి అడ్డంగా వరుస గోడ కట్టినట్టుంది.

"వరుసలో రా పెద్దమ్మా!"

"నాకు కావాల్సింది బాతయ్యా!"

"మాకు మాత్రం చేదా? వెనక్కి నడు!"

ఎంత మొత్తుకున్నా దారివ్వలేదు. వరుస కదిలితే లోక్ గుమ్మం దాకా చేరొచ్చని హుయే పళ్లు బిగించి, తాను మొదలుపెట్టిన వరుసకి చివర నిలబడింది. ఆ చివర మలుపు తిరిగి లోక్ కొట్టు వెనక సందులో ఉంది. ఎండ ఎక్కుతోంది. ఎక్కినా సరే, కదలదు.

లోపల లోక్‌కి పిచ్చెక్కుతోంది. గుమ్మం ముందు ఇసకేస్తే రాలని జనం, కొట్టులో ఒక్క పురుగు లేదు. లోపలికొస్తే వరుసలో చోటు పోతుందని అందరికీ భయం. బాతులు చల్లారిపోతున్నాయి. అతను పళ్లెం భుజానికెత్తుకుని పెరటి తలుపు కాలితో తన్ని సందులోకి వచ్చి అరిచాడు.

"బాతు కావాల్సినవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరైనా మిగిలారా?"

"ఉన్నాను నాయనా!" అంది ఎదురుగా నిలబడ్డ హుయే. "రెండివ్వు."

అటు షట్టర్ పూర్తిగా లేచింది. లోపల తెల్ల కోటులో పళ్ల డాక్టరమ్మ, పక్కన పెద్ద కుర్చీ. మొదటిరోజే ఇంత జనమా అని ఆవిడ కళ్లు చెమర్చాయి. తుయెత్ ఒక అడుగు వెనక్కి వేసింది. కానీ అంతసేపు నిలబడి, ఉచితమైనది వదిలి, ఉత్త చేతులతో ఇంటికి ఎలా పోతుంది? ధైర్యంగా వెళ్లి కుర్చీలో కూర్చుంది.

"ఏ పన్ను పీకమంటారమ్మా?"

"ఉచితంగా పీకేది ఏదైతే అది."

మధ్యాహ్నం కాకముందే పటం ముందు రెండు బాతులు నిగనిగలాడాయి. తుయెత్ కూడా వేళకి వచ్చి అగరుబత్తి వెలిగించి దణ్ణం పెట్టింది.

ఆమె నోటి నిండా దూది ఉండడం వల్ల తద్దినం ఎంతో శాంతంగా జరిగింది.